మేత బస్తా దారం

మా ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా మా ఆయన చెప్పే కథ ఒకటుంది. "మా అమ్మ కంప్యూటర్‌కి పసుపు రాసి చంపేసిందండీ" అని మొదలుపెడతారు. ఆయన నెమ్మదస్తుడు, గొంతు పెంచడం తెలియదు. అలాంటివాళ్ళు నవ్వుల కథ చెబితే వినేవాళ్ళకి ఇంకా నవ్వొస్తుంది. మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వుతారు. నేను ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఆ కథలో సగమే నిజం. మిగతా సగం ఇన్నాళ్ళూ మింగలేక కక్కలేక ఉన్నాను. ఇవాళ కక్కేస్తున్నాను.

మాది కొల్లేరు పక్క ఊరు. ఏలూరు నుంచి కైకలూరు పోయే దారిలో బస్సు దిగి, రెండు వైపులా చెరువులున్న గట్టు మీద కాస్త నడిస్తే మా ఇల్లు. ఆయన చేపలు పెంచుతారు. నేను పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. లేని నవ్వు తెప్పించడం, ఉన్న పొట్ట తగ్గించడం, భోజనాల దగ్గర ఎవరూ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ కనిపించకుండా చూడటం నా విద్య. పెళ్ళికి ముందు ఏలూరులో ఒక స్టూడియోలో నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఆయనే కంప్యూటర్ కొని తెచ్చారు. "చేతిలో ఉన్న విద్య ఎందుకు పాడుచేసుకోవాలి, ఇంట్లోనే చేసుకో" అన్నారు. ఆ మాటకి పొంగిపోయాను. ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడని స్నేహితురాళ్ళకి ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను.

ఆయన గురించి ఇంకో సంగతి చెప్పాలి. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. ఎవరినీ "కాదు" అనలేరు. మా వైపు జనానికి అసలే ఆ మాటకి నోరు తిరగదు. ట్రాక్టరు అడిగినా, పిల్లనడిగినా "చూద్దామండీ" అంటారు. చూద్దామంటే కాదని అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. మొహం మీద కొట్టినట్టు ఉండకుండా పెద్దవాళ్ళు చేసిన ఏర్పాటు అది.

ఈయన ఆ "చూద్దాం" కూడా అనలేరు. మా చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ ఉంది. పక్క చెరువాయన దాన్ని ఒక పూటకి అడగబోతున్నాడని ఉప్పందితే చాలు, ఈయన ముందే వెళ్ళి స్టార్టర్ డబ్బాలోంచి ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవారు. పక్క చెరువాయన వచ్చి అడిగితే, "అయ్యో, దానికేం, తీసుకెళ్ళండి. కానీ పొద్దున్నించి తిరగట్లేదండీ, మీరే చూడండి" అని స్విచ్చి నొక్కి చూపించేవారు. వచ్చినాయన "మీకెంత కష్టమొచ్చిందండీ" అని తిరిగి ఈయన్నే ఓదార్చి వెళ్ళేవాడు. ఒకోసారి ఫ్యూజు కాకుండా మోటారు వైరే విప్పేవారు. విప్పిన కొస ఎక్కడా తగలకుండా మేత బస్తా దారంతో కట్టేవారు.

చేపల మేత బస్తా మూతికి తెల్లదారం కుట్టు ఉంటుంది. ఒక కొస పట్టి లాగితే సర్రున మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. చెరువుల మీద తిరిగే మగవాళ్ళ చొక్కా జేబులో అది ఎప్పుడూ ఉండలు ఉండలుగా ఉంటుంది, చొక్కాలు ఉతికేవాళ్ళని అడగండి. దాంతోనే అన్నీ కడతారు. ఈయన కట్టే తీరు మాత్రం వేరు. రెండు చుట్లు చుట్టి, కొస లాగితే ఊడిపోయేలా జారుముడి వేస్తారు. "మళ్ళీ మనమే విప్పుకోవాలి కదా" అనేవారు. ఆ ఫ్యూజు నాటకాలన్నీ రాత్రి అన్నాల దగ్గర నాకు చెప్పేవారు. మేమిద్దరం కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం.

తాడేపల్లిగూడెంలో ఒక పెద్ద ఆల్బమ్ ల్యాబ్‌లో డిజైనర్ కావాలని కబురొచ్చింది. నా పని అక్కడికి ప్రింటింగ్‌కి వెళుతూ ఉండేది కాబట్టి వాళ్ళకి నా చెయ్యి తెలుసు. వాళ్ళు ఒక పెళ్ళి ఫోటోలన్నీ హార్డ్‌డిస్క్‌లో ఇచ్చి, "సోమవారానికి ఆల్బమ్ చేసి పంపండి మేడమ్, మా సార్‌కి నచ్చితే ఈ ముహూర్తాల నుంచే చేరిపోండి" అన్నారు. చేరితే రోజూ బస్సులో ఏలూరు, అక్కణ్ణించి రైల్లో దెందులూరు, భీమడోలు, పూళ్ళ దాటుకుని గూడెం. ఇంట్లో గోడకేసి చూస్తూ ఒక్కదాన్నే పనిచేసి విసిగిపోయి ఉన్నాను. నాలాంటి పని చేసే నలుగురి మధ్య కూర్చోవాలని, తప్పు చేస్తే చెప్పేవాళ్ళుండాలని ఎంత కోరికగా ఉండేదో చెప్పలేను.

ఆయనకి చెప్పాను. "చాలా మంచిదే" అన్నారు. "వంట నేను చూసుకుంటాలే అమ్మాయ్, వెళ్ళిరా" అన్నారు మా అత్తగారు. ఆయన "చూద్దాం" అని ఉంటే నాకు అక్కడికక్కడే అర్థమైపోయేది. "మంచిదే" అన్నారు కాబట్టి నమ్మాను.

ఆ పెళ్ళివారు ఎవరోగానీ ఫోటోలు బరువైనవి. నాలుగు తెరవగానే నా కంప్యూటర్ బిగుసుకుపోయేది. లోపలుండే మెమరీ పలక, ర్యామ్ అంటారు, ఇంకోటి వేయాలి, వేరే దారి లేదు. ఏలూరులో మేము ఎప్పుడూ వెళ్ళే కంప్యూటర్ షాపాయన ఉన్నారు. వాళ్ళ నాన్నగారు అదే కొట్లో రేడియోలు బాగుచేసేవారట. ముస్లిముల కుటుంబం, నెమ్మదైన మాట. ఆయనకి ఫోన్ చేసి ఏ రకం కావాలో చెప్పాను. మేత కోసం ఏలూరు వెళ్ళిన మా ఆయన గురువారం సాయంత్రం దాన్ని పట్టుకొచ్చారు. అంటే, అది తెచ్చింది కూడా ఆయన చేతులతోనే.

శుక్రవారం పొద్దున్న డబ్బా విప్పబోతుంటే మా అత్తగారు పూజ ముగించి వచ్చారు.

"ఏదీ, ఆ కొత్త వస్తువిలా ఇవ్వు. శుక్రవారం పూట పసుపూ కుంకం లేకుండా లోపల పెట్టేస్తావా?"

మా ఇంట్లో కొత్తది ఏదొచ్చినా ఆవిడ బొట్టు పెట్టందే కదలదు. మోటారుకి పెట్టారు, మిక్సీకి పెట్టారు, నా కంప్యూటర్ డబ్బా నుదుటన ఇప్పటికీ ఉంది. బొట్టే కదా అని ఇచ్చి, స్క్రూడ్రైవరు వెతుక్కోవడానికి వెళ్ళాను. వచ్చేసరికి దేవుడి దగ్గర పెట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు. బొట్టు ఆ ఆకుపచ్చ పలక మీద ఒక మూలగా చిన్నగా ఉంది. నేను అంతే చూశాను. కింది అంచు చూడలేదు.

పాత ర్యామ్ పక్కన కొత్తది పెట్టి నొక్కాను. స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. లోపలి నుంచి పొడుగ్గా ఒక కూత, ఆగి మళ్ళీ కూత. కొత్తది తీసి పాతదానితో వేస్తే మామూలుగా వచ్చింది. కొత్తది పెడితే మళ్ళీ కూత. షాపాయన చెడ్డది అంటగట్టాడేమో అనుకుంటూ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను.

ర్యామ్ కింది అంచున వరసగా బంగారు రంగు పళ్ళు ఉంటాయి. కంప్యూటర్ లోపలి బోర్డుకి తగలవలసింది అవే. ఆ అంచు పొడుగునా ఒత్తుగా పసుపు రాసి ఉంది. అచ్చం గడపకి రాసినట్టు రాశారు. బంగారం రంగులో మెరుస్తుంటే అదే ముఖ్యమైన చోటు అనుకున్నారట ఆవిడ. ఆ మాటకొస్తే అది నిజమే.

మా ఆయన పడీ పడీ నవ్వారు. "చంపేశావు కదమ్మా" అన్నారు. ఆవిడ మొహం చిన్నబోయింది. "నాకేం తెలుసురా" అని లోపలికి వెళ్ళిపోయారు. నేను షాపాయనకి ఫోన్ చేశాను.

"పసుపాండీ?" అని ఆగి, నవ్వు ఆపుకుని, "ఏం పర్లేదు మేడమ్ గారూ, కంగారు పడకండి. పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్ళ మీద మెల్లగా రుద్దండి. ర్యామ్ గుచ్చే స్లాటులో కూడా పడుంటుంది, మెత్తటి బ్రష్షుతో దులపండి. నీళ్ళు మాత్రం పెట్టకండి. పసుపు తడి ఉంటుంది కదా, రేపటిదాకా ఆరనిచ్చి అప్పుడు పెట్టండి" అన్నారు.

చెప్పినట్టే చేశాను. రబ్బరు పచ్చగా అయింది, పళ్ళు మెరిశాయి. స్లాటులోంచి పసుపు రవ్వలు దులిపి, డబ్బా పక్క రేకు తెరిచే ఉంచి, ఫ్యాను గాలికి వదిలేశాను. అత్తగారి దగ్గరికి వెళ్ళి పోయిందేమీ లేదని చెప్పాను. ఆవిడ కాస్త తేలికపడ్డారు.

శనివారం పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి మా ఆయన చెరువుల మీదికి వెళ్ళడానికి తయారై గుమ్మంలో ఉన్నారు. "నేను కూడా ఒకసారి చూశాను, వైర్లన్నీ బానే ఉన్నాయి" అని చెప్పి వెళ్ళారు. కొత్త ర్యామ్ పెట్టి స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉంది. కూత లేదు. కొత్తది తీసేసి పాతది ఒక్కటే పెట్టాను. నిన్న దాంతోనే కదా నడిచింది! ఇవాళ అదీ రాలేదు. కూత కూడా రాలేదు.

షాపాయనకి మళ్ళీ ఫోన్ చేశాను. "రెండూ తీసేసి ఆన్ చేయండి మేడమ్ గారూ. ర్యామ్ లేకపోతే అది కూయాలి. కూస్తే బోర్డు బతికున్నట్టే" అన్నారు. రెండూ తీసి స్విచ్చి వేశాను. డబ్బాకి చెవి ఆనించి విన్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. "అయితే బోర్డే అయ్యుంటుందండీ, పట్టుకురండి చూద్దాం" అన్నారు ఆయన, పాపం దిగులుగా.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన మా ఆయనకి చెప్పాను. అత్తగారు వడ్డిస్తున్నారు. ఆయన అన్నం కలుపుకుంటూ నిదానంగా అన్నారు.

"ఆ పసుపు లోపలికి దిగి బోర్డునే పాడుచేసుంటుంది. ఏం చేస్తాం. గూడెం వాళ్ళకి ఫోన్ చేసి ఈ సీజన్‌కి కుదరదని చెప్పెయ్యి. నువ్వు బాధపడతావంటే నేను చెప్తాలే."

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. "నా చేతులు పడిపోను" అన్నారు. అని కూర గిన్నె కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆ పూట అన్నం తినలేదు. నేను వెనకాలే వెళితే అరుగు మీద కూర్చుని ఉన్నారు. "ఎంత ఆశపడ్డావు అమ్మాయ్, నా చాదస్తం నీ నోటికాడ కూడు తీసేసింది" అన్నారు. ఆవిడ కళ్ళ నీళ్ళు అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళ అబ్బాయి లోపల పెరుగన్నం తింటున్నారు.

ఆయన మళ్ళీ చెరువుల మీదికి వెళ్ళాక నాకు మొండితనం వచ్చింది. నిన్న కూసినది ఇవాళ కూయలేకపోతోంది. పసుపు వల్ల అయితే నిన్ననే నోరు పడిపోవాలి. నిన్న రబ్బరుతో రుద్దిన తర్వాత కూడా పాత ర్యామ్‌తో ఒకసారి వేసి చూశాను, బాగానే వచ్చింది. రాత్రికీ పొద్దుటికీ మధ్య ఏం మారింది?

డబ్బాని మంచం మీద పడుకోబెట్టాను. డబ్బా లోపల అన్నిటికీ కరెంటు పంచే పెట్టెలోంచి వచ్చే వైర్లు ఒక్కొక్కటే వేలితో తడుముతూ ఎక్కడికి వెళుతోందో చూశాను. పెద్ద ప్లగ్గు బోర్డుకి ఉంది. హార్డ్‌డిస్క్‌ది ఉంది. పై మూలన, ప్రాసెసర్ పక్కన, దానికి కరెంటు అందించే చదరపు గూడు ఒకటి ఖాళీగా ఉంది. దాంట్లో ఉండవలసిన ప్లగ్గు వైర్ల గుత్తి వెనకాల నక్కి ఉంది. దానికి పక్కన చిన్న కొక్కెం ఉంటుంది, వేలితో నొక్కిపట్టి లాగితే తప్ప రాదు. దానంతటది ఊడదు. పసుపుకి అసలే ఊడదు.

ఫ్యాను రెక్కలకి తగలకుండా ఆ ప్లగ్గుని పక్క వైర్లకి కట్టి ఉంచారు. తెల్లదారం. రెండు చుట్లు. జారుముడి.

ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఈశ్వరుడికి మేత బస్తా దారం సంగతి తెలియదు కాబోలు.

ముందు కోపం రాలేదు. ఎంత జాగ్రత్తగా కట్టారో అనిపించింది. నన్ను ఆపాలి గానీ వస్తువు పాడవకూడదు. "మళ్ళీ మనమే విప్పుకోవాలి కదా" అన్న మాట గుర్తొచ్చింది. అప్పుడు మొత్తం అర్థమైంది. సోమవారం దాటాక ఏదో ఒకరోజు "ఇటివ్వు, నేను చూస్తాను" అని కూర్చుని, ముడి లాగి, ప్లగ్గు పెట్టి, కంప్యూటర్ బాగుచేసిన మొగుడు అనిపించుకునేవారు. నేను సంబరపడి కాఫీ కలిపి ఇచ్చేదాన్ని. మళ్ళీ స్నేహితురాళ్ళకి ఫోన్లు చేసి చెప్పుకునేదాన్ని. అది తలుచుకున్నాక వచ్చింది ఏడుపు. కంచే చేను మేసింది, మేసిన కంచెని నేనే నలుగురికీ పొగిడి చెప్పుకున్నాను.

పక్క చెరువాయనా నేనూ ఆయనకి ఒకటే అన్నమాట. ఆ నాటకాలకి అన్నాల దగ్గర నవ్విన పెళ్ళాన్ని, నాకు కూడా ఫ్యూజు పీకారు.

ముడి కొస లాగాను. ఊడి వచ్చింది. ప్లగ్గు పెట్టి నొక్కితే కొక్కెం టక్కుమంది. రెండు ర్యాములూ పెట్టి స్విచ్చి వేశాను. అంతా బాగుంటే వచ్చే ఒక్క పొట్టి కూత, ఆపైన తెర వెలిగింది. కొత్తది, పసుపు రాసినదే, నిక్షేపంలా పనిచేస్తోంది.

సాయంత్రం ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కాఫీ గ్లాసు పెట్టి, దాని పక్కన ఆ దారం పెట్టాను. ఆయన దారం చూశారు, తెర చూశారు, తేలు కుట్టిన దొంగలా కాఫీ తాగారు. ఈలోగా అత్తగారు గదిలోకి వచ్చి వెలుగుతున్న తెరని చూసి, "వచ్చిందా అమ్మాయ్?" అని చేతులు జోడించారు.

"వచ్చిందమ్మా" అన్నారు ఆయన. "పసుపు ఆరిందిగా, అదే వచ్చింది."

ప్లగ్గు పీకినదానికంటే ఈ మాటకి మండింది నాకు. దారం కళ్ళెదురుగా పెట్టుకుని, కన్నతల్లి మీదికి తోసేస్తున్నారు. ఆవిడ దేవుడికి దీపం పెట్టడానికి వెళ్ళాక అడిగాను.

"ఎందుకు చేశారండీ? వద్దని ఒక్క మాట అంటే సరిపోయేది కదా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "వద్దంటే నువ్వు బాధపడతావని" అన్నారు.

వెటకారం కాదు, నిజంగానే అన్నారు. నేను రోజూ రైళ్ళలో తిరగడం ఆయనకి ఇష్టం లేదు, నలుగురూ ఏమనుకుంటారో అని భయం. ఆ రెండు ముక్కలూ నాతో అంటే నేను పోట్లాడేదాన్ని. ఓడిపోయేదాన్నో గెలిచేదాన్నో గానీ, నాకొక మనిషి ఎదురుగా ఉండేవాడు. నాకు ఆ పోట్లాట కూడా దక్కనివ్వలేదు.

"సరే, నా సంగతి వదిలేయండి. పసుపు వల్ల కాదని అత్తయ్యగారికి మీరే చెప్పండి. ఆవిడ మధ్యాహ్నం నుంచి తిండి మానేశారు."

"చెబుదాం" అన్నారు ఆయన. కుర్చీలోంచి లేస్తూ, "చూద్దాంలే" అన్నారు.

నేను ఆల్బమ్ పూర్తిచేసి పంపాను. వాళ్ళకి నచ్చింది, చేరమన్నారు. ఆయన బస్సు దాకా వచ్చి దింపారు కూడా. అత్తగారు మాత్రం ఆ తర్వాత దేనికీ బొట్టు పెట్టడం మానేశారు. కొత్త గ్రైండర్ వస్తే దూరంగా నిలబడి "నువ్వే పెట్టుకో అమ్మాయ్, నా చెయ్యి మంచిది కాదు" అన్నారు. ఇక నా వల్ల కాలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని, మీ పసుపు వల్ల కాదండీ అని మొదలుపెట్టి, ప్లగ్గు, దారం, ముడి, అన్నీ చెప్పాను.

ఆవిడ చింతపండులో గింజలు తీస్తూ విన్నారు. ఎవరు చేశారని అడగలేదు. ముడి ఎలా ఉందో కూడా అడగలేదు. చివరికి తల ఎత్తకుండానే అన్నారు.

"నా పసుపే అనుకోనీ అమ్మాయ్. నాకు అదే తేలిక."

అందుకే చుట్టాల ముందు ఆయన కథ చెబుతుంటే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వుతూ ఒక్కసారి నా వైపు చూస్తారు. నేను గ్లాసులు తీసుకుని వెళ్ళిపోతాను.

గూడెం రోజూ వెళ్ళి వస్తూనే ఉన్నాను. ఇంట్లో కంప్యూటర్ ఇప్పటికీ పనిచేస్తోంది. దాని పక్క రేకు నేను తిరిగి బిగించలేదు. స్విచ్చి వేసే ముందు రోజూ ఒకసారి ఆ మూలకి చూడటం అలవాటైపోయింది. మొన్న ఆదివారం ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని గదిలోకి వచ్చారు.

"ఇది తెరిచే ఉంచుతున్నావు, దుమ్ము పడుతుంది. బిగించేయనా?" అన్నారు, ఎప్పటిలాగే నెమ్మదిగా, ప్రేమగా.

"చూద్దాంలెండి" అన్నాను.

ఆయన స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని చెరువుల మీదికి వెళ్ళిపోయారు.